బారీ సాండర్స్ ఇంకో 1,457 యార్డులు పరిగెత్తకుండా ఎందుకు వెళ్ళిపోయాడు?

కొత్తమొహం
అందరికీ నమస్కారం. ఉండేది హైదరాబాద్‌లో. అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాకు ఓనమాలు కూడా రావు. వేసవిలో డెట్రాయిట్ దగ్గర అక్క వాళ్ళింటికి వెళ్తే, మా బావ ఒక రాత్రి నన్ను నిద్రపోనివ్వకుండా డెట్రాయిట్ లయన్స్ జట్టు ఆటగాడు బారీ సాండర్స్ మీద డాక్యుమెంటరీ చూపించాడు. అప్పట్నుంచి ఒకటే ప్రశ్న బుర్ర తొలుస్తోంది. 1999 జులై. మనిషికి 31 నిండి పదకొండు రోజులు. ఒంటి మీద దెబ్బ లేదు. వాల్టర్ పేటన్ పేరున ఉన్న బంతితో పరిగెత్తిన ఆల్‌టైమ్ రికార్డు 16,726 యార్డులు, ఇతనివి 15,269. అతని మామూలు లెక్కన ఒక్క సీజన్ పని. సరిగ్గా శిక్షణ శిబిరం మొదలవబోతుండగా, సొంతూరు విచిటాలోని పేపర్‌కి ఒక ఫ్యాక్స్ పంపించి "ఇక ఆడను" అన్నాడు. ప్రెస్‌మీట్ లేదు, వీడ్కోలు మ్యాచ్ లేదు. ఎందుకు? బావని అడిగితే "పాతికేళ్ళుగా మిషిగన్ మొత్తం అడుగుతున్నది అదే కదా" అని లైటార్పేశాడు. ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

ఫ్రిస్కో బావ
సింపుల్. ఓడిపోయే టీములో ఆడీ ఆడీ విసుగొచ్చింది. మా డల్లాస్ ఎమిట్ స్మిత్ 15 సీజన్లు ఆడి 18,355 దగ్గర ఆగాడు. రికార్డు కావాలంటే ఉండాలి, ఆడాలి. థ్రెడ్ క్లోజ్ చేసుకోవచ్చు.

పాత డెట్రాయిట్
ఫ్రిస్కో తమ్ముడూ, అంత తొందరేం లేదు, కూర్చో.

నేను మిషిగన్‌కి వచ్చింది 1996లో, కార్ల కంపెనీకి పార్టులు చేసే చోట ఉద్యోగం. నాకూ ఓనమాలు రావు అప్పుడు. ఆఫీసులో సోమవారం పొద్దున్న కాఫీ దగ్గర అందరూ ఒకటే మాట: "నిన్న బారీని చూశావా?" లయన్స్ గెలిచారా ఓడారా అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఎక్కువసార్లు ఓడేవాళ్ళు, అందుకని. బారీ ఏం చేశాడన్నదే వార్త.

1997 థ్యాంక్స్‌గివింగ్ నాకు బాగా గుర్తు. తెలుసుగా, ఆ గురువారం డెట్రాయిట్‌లో మ్యాచ్ ఉండటం 1934 నుంచి ఆనవాయితీ. ఆరు కుటుంబాలం ఒకరింట్లో చేరాం. టర్కీ ఎవరూ తినలేదు కానీ పులిహోర రెండు గిన్నెలు ఖాళీ. చికాగో బేర్స్ మీద ఆట. మొదట్లో వెనకబడ్డారు. తర్వాత బారీ మూడు టచ్‌డౌన్లు (బంతితో అవతలి చివరి గీత దాటడం) కొట్టాడు, 167 యార్డులు, లయన్స్ 55-20తో గెలిచారు. ఎరిక్ డికర్సన్‌ని దాటి మొత్తం యార్డుల్లో రెండో స్థానానికి వచ్చింది ఆరోజే. అప్పటిదాకా వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడి చూశారు. మా ఆవిడ అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో వాడుకలో ఉంది: "ఈయనేంటండీ, సబ్బు రాసుకుని వచ్చాడా?"

కొత్తమొహం
హహ. పెద్దాయనా, మరి రన్నింగ్ బ్యాక్ అంటే అసలు ఏం చేస్తాడు? డాక్యుమెంటరీలో అది తెలిసినట్టే మాట్లాడుకుంటూ పోయారు.

కూతగాడు
ఇది నేను చెప్తా. నేను స్కూలు పిల్లలకి కబడ్డీ నేర్పిస్తాను, ఈ ఆట యూట్యూబ్‌లోనే చూస్తా, తప్పులుంటే పెద్దలు దిద్దండి.

నాలుగు ప్రయత్నాల్లో పది యార్డులు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు. బంతి విసరొచ్చు, లేదా వెనక నిలబడ్డ ఒకడి చేతిలో పెట్టి "పో" అనొచ్చు. ఆ ఒకడే రన్నింగ్ బ్యాక్. ముందు ఐదుగురు బండలాంటి వాళ్ళు అతనికి దారి తీస్తారు. అవతల పదకొండుమంది పడేయడానికే ఉంటారు. కూతకెళ్ళినవాడి పరిస్థితే, కాకపోతే ఇక్కడ వెనక్కి పారిపోయి గీత తాకితే పాయింటు రాదు. ముందుకే పోవాలి.

మామూలు రన్నింగ్ బ్యాక్ దారి ఎక్కడ తీస్తారో అక్కడికి పోతాడు, రెండు మూడు యార్డులు తోసుకుని పడతాడు. బారీ దారి మూసుకుపోతే ఆగేవాడు. నిజంగా ఆగేవాడు. రెండు కాళ్ళ మీద నిలబడి, ఎదుటివాడి నడుం ఎటు తిరుగుతుందో చూసి, అటు కాకుండా ఇటు. మా పిల్లలకి నేను చెప్పేదీ అదే: క్యాచర్ చేతులు చూడకు, నడుం చూడు. 1994లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద ఒక పరుగు ఉంది చూడండి. హార్లన్ బార్నెట్ అనే సేఫ్టీ (అన్నిటికంటే వెనక కాపలా ఉండేవాడు) అతన్ని పట్టబోయి, తన చుట్టూ తానే తిరిగిపోతాడు, బారీ పక్కనుంచి 39 యార్డులు వెళ్ళి టచ్‌డౌన్. మా వాళ్ళకి స్లోమోషన్‌లో చూపించాను. ఒకడు "సార్, ఆయన అతన్ని ముట్టుకోనేలేదు కదా" అన్నాడు. అవున్రా, అదే.

ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. ఆ ఆటకి పొట్టివాడు. కానీ తొడలు చూడండి. కబడ్డీలో ఇలాంటివాణ్ణి పట్టుకోవాలంటే మడమ ఒక్కటే ఆధారం, అది దొరకదు.

లెక్కల మాస్టారు
కూతగాడు గారు బాగా చెప్పారు కానీ ఒక సగం వదిలేశారు. ఆ "ఆగడం" ఊరికే రాదు, ఖరీదు ఉంటుంది. వెనక్కి వెళ్ళి తిరుగుతూ దొరికిపోతే యార్డులు పోతాయి. 1994 చివరి రోజు, డిసెంబర్ 31, గ్రీన్ బేలో ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్) మ్యాచ్. బారీ చేతికి 13 సార్లు బంతి ఇచ్చారు. మొత్తం మీద వచ్చింది మైనస్ 1. తప్పు టైపు చేయలేదు, మైనస్ ఒక యార్డే. 16-12తో ఓడిపోయారు. అదే ఏడాది సీజన్ మొత్తానికి 1,883 యార్డులతో లీగ్‌లో మొదటివాడు!

అయినా పదేళ్ళ సగటు బంతికి 5 యార్డులు. 3,062 సార్లు పరిగెత్తి 15,269. ఎమిట్ స్మిత్ 4,409 సార్లు పరిగెత్తి 18,355, సగటు 4.2. ఫ్రిస్కో బావ గారు దీని గురించి ఏమైనా సెలవిస్తారా?

ఫ్రిస్కో బావ
సెలవిస్తాను. మూడు సూపర్ బౌల్ ఉంగరాలు, లీగ్ ఫైనల్ గెలిస్తే ఇచ్చేవి. సగటుతో ఉంగరం చేయించుకోలేం మాస్టారూ.

పాత డెట్రాయిట్
1992 జనవరి 5న ప్లేఆఫ్‌లో మీ డల్లాస్ మా చేతిలో 38-6తో ఓడింది, అదొకటి గుర్తుంచుకో. ఆ తర్వాత వారం వాషింగ్టన్‌లో 41-10తో మేం ఓడాం, అది నేను గుర్తుంచుకుంటాలే.

(నేనప్పటికి అమెరికా రాలేదు. అయినా "మేం" అంటాను. ఈ ఊళ్ళో అందరూ అంతే.)

విచిటా వదిన
ఈ థ్రెడ్ చూసి చాలా ఏళ్ళ తర్వాత లాగిన్ అయ్యాను. నేను విచిటాలో ఎమ్మెస్ చేశాను. విమానాల ఊరు, మనవాళ్ళు బాగానే ఉండేవాళ్ళు. అక్కడ బారీ అంటే లయన్స్ ఆటగాడు కాదు, విలియం సాండర్స్ గారబ్బాయి. తండ్రి ఇళ్ళ పైకప్పులు వేసేవాడు, వడ్రంగం. పదకొండుమంది పిల్లలు. వేసవిలో మగపిల్లలు తండ్రితో కలిసి కాన్సాస్ ఎండలో కప్పుల మీద పని చేసేవాళ్ళు. ఆ ఎండ నేను చూశాను, మన రామగుండానికేం తీసిపోదు.

నార్త్ హైస్కూల్‌లో బారీకి ఆఖరి ఏడాది నాలుగో మ్యాచ్ దాకా రన్నింగ్ బ్యాక్‌గా చోటు దొరకలేదు. తర్వాత ఏడు మ్యాచ్‌ల్లో 1,417 యార్డులు. చివరి మ్యాచ్‌లో నగరంలో అందరికంటే ఎక్కువ యార్డుల గౌరవానికి కాస్త దూరంలో ఉన్నాడు. కోచ్ వెళ్ళమంటే, మ్యాచ్ ఎలాగూ గెలిచాం, చిన్నవాళ్ళని ఆడనివ్వండి అన్నాడట. ఈ కథ విచిటాలో ఎవర్నడిగినా చెప్తారు.

ఎత్తు చూసి పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు. ఓక్లహోమా స్టేట్ తీసుకుంది. అక్కడా రెండేళ్ళు థర్మన్ థామస్ వెనక. థామస్ వెళ్ళాక 1988లో చోటొచ్చింది. ఆ ఏడాది సంగతి మాస్టారు చెప్తారు, నాకు అంకెలు నోరు తిరగవు.

లెక్కల మాస్టారు
అడిగారు కాబట్టి. 11 మ్యాచ్‌లు, 2,628 యార్డులు, పరుగు మీద 37 టచ్‌డౌన్లు. అప్పట్లో సీజన్ అయ్యాక ఆడే బౌల్ మ్యాచ్ లెక్కలోకి రాదు. హాలిడే బౌల్‌లో వ్యోమింగ్ మీద కొట్టిన 222 యార్డులు, 5 టచ్‌డౌన్లు వేరే. బోయిజీ స్టేట్ కుర్రాడు ఆష్టన్ జెంటీ 2024లో ఆ 2,628 రికార్డు కోసం ఊపిరి బిగబట్టి పరిగెత్తాడు. 14 మ్యాచ్‌లు ఆడినా 2,601 దగ్గర ఆగాడు, 27 యార్డులు తక్కువ. బారీకి పట్టినవి 11. ఇంకా చెప్పేదేముంది.

కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ తనకి ప్రకటించినప్పుడు బారీ టోక్యోలో ఉన్నాడు, టెక్సస్ టెక్‌తో మ్యాచ్ అక్కడ పెట్టారు. ఆ మ్యాచ్‌లో 332 యార్డులు.

కూతగాడు
విచిటా వదిన గారు చెప్పిన స్కూలు కథ విన్నాక నాకొకటి తట్టింది. లయన్స్‌లో మొదటి ఏడాది కూడా ఇలాంటిదే జరిగింది కదా? 1989లో?

పాత డెట్రాయిట్
జరిగింది. 1989 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే చోట, మూడో పేరు బారీది. మొదటి ఐదుగురిలో నలుగురు తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి (ఈ ఆటలో మేటివాళ్ళ గౌరవశాల) వెళ్ళారు. వెళ్ళనిది రెండో పేరు టోనీ మాండరిచ్, అతన్ని తీసుకున్నది గ్రీన్ బే. ఆ సంగతి ఇప్పటికీ మాకు కొంచెం సంతోషమే.

సీజన్ చివరి మ్యాచ్ అట్లాంటాలో. లయన్స్ గెలిచేస్తున్నారు. బారీకి 1,470 యార్డులు. కాన్సాస్ సిటీ ఆటగాడు క్రిస్టియన్ ఒకోయేకి 1,480. పది యార్డులు! ఒక్క పరుగు. కోచ్ వేన్ ఫాంటెస్ "వెళ్తావా?" అని అడిగాడు. వద్దు, గెలిచి ఇంటికి పోదాం అన్నాడు బారీ. కొత్త కుర్రాడు, 21 ఏళ్ళు, లీగ్ టైటిల్ చేతికందే దూరంలో ఉంటే.

కూతగాడు
అదే నేననేది. స్కూల్లో ఒకసారి, అట్లాంటాలో ఒకసారి, 1999లో మూడోసారి. మనం 1,457 అని గుండెలు బాదుకుంటున్నాం కానీ, ఆయన దృష్టిలో అదీ ఆ పదిలాంటిదే. టచ్‌డౌన్ కొట్టాక బంతి నేలకేసి కొట్టడం, డాన్సు చేయడం ఎప్పుడూ లేదు. రిఫరీ చేతిలో పెట్టి నడిచి వచ్చేసేవాడు. ఫ్యాక్స్ కూడా అదే. బంతి రిఫరీకి ఇచ్చేశాడు.

ఫ్రిస్కో బావ
అన్నా, బాగుంది కానీ మరీ స్వామీజీని చేసేస్తున్నారు. రికార్డు మీద మోజు లేకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ అదొక్కటే అయితే 1994లోనే మానేసేవాడు. 1997లో ఆరేళ్ళ కాంట్రాక్టు ఎందుకు సంతకం పెట్టాడు? కోటీ పది లక్షల డాలర్ల బోనస్ ఎందుకు తీసుకున్నాడు? రెండేళ్ళకే ఏదో విరిగింది. ఏం విరిగిందో చెప్పండి.

పాత డెట్రాయిట్
మంచి ప్రశ్న అడిగావు. నీ మొదటి పోస్టుకి నిన్ను క్షమించేశాను.

1997 డిసెంబర్ 21న లయన్స్ అప్పటి స్టేడియం సిల్వర్‌డోమ్‌లో నేనున్నాను. టికెట్ ఆఫీసు వాళ్ళదే, పై వరసలో సీటు. న్యూయార్క్ జెట్స్‌తో ఆట. గెలిస్తే ప్లేఆఫ్స్. బారీకి ఆ ఒక్క సీజన్‌లో 2,000 కావాలంటే 131 యార్డులు కావాలి. అంతకుముందు అది దాటింది ఇద్దరే, ఓ.జే. సింప్సన్, డికర్సన్. తమాషా ఏంటంటే, ఆ సీజన్ మొదటి రెండు మ్యాచ్‌ల్లో బారీ చేసింది 33, 20. ఇక అయిపోయాడనుకున్నారు. కొత్త కోచ్ బాబీ రాస్ ఆ తర్వాత ముందు దారి చూపడానికి టామీ వార్డెల్‌ని ఎక్కువగా నిలబెట్టాడు. అక్కడి నుంచి వరసగా 14 మ్యాచ్‌లు, ప్రతి దాంట్లో వంద దాటాడు. టాంపా మీద ఒకే మ్యాచ్‌లో 80 యార్డులదొకటి, 82 యార్డులదొకటి.

ఆ రోజుకి వస్తా. చివరి క్వార్టర్‌లో మా రెజ్జీ బ్రౌన్ అనే లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) ఒక ఢీకి పడిపోయాడు. లేవలేదు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత చూస్తే మైదానంలోనే ఊపిరి పోస్తున్నారు. రెండు జట్లవాళ్ళూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అంత పెద్ద డోములో గాలి మెషీన్ల చప్పుడు వినిపించింది నాకు. అంబులెన్స్ లోపలికొచ్చి తీసుకెళ్ళింది. మళ్ళీ ఆట మొదలుపెట్టారు. బారీ 184 యార్డులు చేసి, 2,053 దగ్గర ముగించాడు. 13-10తో గెలిచాం. ఎగరాలో ఏడవాలో తెలియక జనం కారు పార్కింగ్‌కి నడిచారు. రెజ్జీ బతికాడు, తర్వాత లేచి నడిచాడు కూడా, కానీ మళ్ళీ ఆడలేదు. 1991లో మా ఆటగాడు మైక్ అట్లీకి అదే మైదానంలో మెడ దెబ్బ తగిలి కాళ్ళు పడిపోయాయి. బారీ ఆ రెండు రోజులూ అక్కడే ఉన్నాడు. ఇవే కారణం అని నేననను. కానీ చూసినవాడు మామూలుగా ఉండడు.

తర్వాత ప్లేఆఫ్ టాంపాలో ఓడాం. బారీకి ఎన్నో ఏళ్ళు ముందు నిలబడి దారి తీసిన సెంటర్ కెవిన్ గ్లోవర్‌ని ఆ తర్వాత జట్టు వదిలేసుకుంది. అంతకుముందే లోమస్ బ్రౌన్ వెళ్ళిపోయాడు. 1998లో 5 గెలిచి 11 ఓడాం. బారీ తన పుస్తకంలో తర్వాత రాసింది ఇదే: గెలవాలన్న పట్టుదల యాజమాన్యంలో కనిపించలేదని. ఫ్యాక్స్‌లో మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. ఆడాలన్న కోరిక కంటే మానేయాలన్న కోరిక పెద్దదయింది, అంతే అన్నాడు.

కాబట్టి ఫ్రిస్కో, నువ్వన్నదీ నిజమే, కూతగాడు అన్నదీ నిజమే. ఓటములు మనిషిని అలిసిపోయేలా చేశాయి. ఇంకొకడైతే "ఈ ఒక్క ఏడు ఓర్చుకుని రికార్డు పట్టుకుపోదాం" అనుకునేవాడు. బారీని ఆపడానికి ఆ తాడు పనికిరాలేదు.

లెక్కల మాస్టారు
డబ్బు సంగతి కూడా రాయండి, అది మాత్రం ఎవరూ మాట్లాడరు. బోనస్‌లో దాదాపు సగం, 55 లక్షల డాలర్లు తిరిగి కట్టమంది లయన్స్ జట్టు. గొడవ మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. 2000లో ముందు 18 లక్షల చిల్లర కట్టమని తీర్పు. పదేళ్ళూ ప్రతి ఏడాదీ లీగ్ మేటి ఆటగాళ్ళ ప్రో బౌల్‌కి ఎంపికైన మనిషితో.

పాత డెట్రాయిట్
సిగ్గుచేటు. బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. 2016లో మా ఇంకో స్టార్ కాల్విన్ జాన్సన్ తొమ్మిదేళ్ళాడి మానేస్తే అతని దగ్గరా డబ్బు వెనక్కి తీసుకున్నారు.

విచిటా వదిన
పాతతరం రన్నింగ్ బ్యాక్ జిమ్ బ్రౌన్ కూడా ఇలాగే శిఖరం మీద ఉండగానే మానేశాడు కదా, 1966లో, లండన్‌లో సినిమా షూటింగ్‌లో ఉండి. బారీ కూడా ఫ్యాక్స్ పంపాక లండన్‌కే వెళ్ళాడు! జిమ్ బ్రౌనే అందరికంటే గొప్ప అని విలియం సాండర్స్ గారు ఎక్కడపడితే అక్కడ చెప్పేవాడు, కొడుకు పక్కన ఉన్నా సరే. 2004లో ఒహాయోలోని కాంటన్‌లో కొడుకుని హాల్ ఆఫ్ ఫేమ్‌కి పరిచయం చేసింది ఆయనే. మన నాన్నలు గుర్తొచ్చారు నాకు. "తొంభై ఎనిమిదేనా? మిగతా రెండు ఎక్కడ పోయాయి?"

కొత్తమొహం
వదినా 😄 మా నాన్నే.

అందరికీ థ్యాంక్స్. ఇంకొక్కటి. ఊరివాళ్ళకి కోపం రాలేదా? మన దగ్గరైతే దిష్టిబొమ్మలు కాల్చేవాళ్ళు.

పాత డెట్రాయిట్
వచ్చింది. మా ఆఫీసులో ఒకాయన గోడ మీది పోస్టర్ తిప్పి పెట్టాడు. చింపలేదు, వెనక్కి తిప్పాడంతే. రెండు మూడేళ్ళు అలాగే ఉంది. వాల్టర్ పేటన్ ఆ నవంబర్ 1నే పోయాడు, 45 ఏళ్ళకే. ఆ రోజు ఆ పెద్దమనిషి "రికార్డు ఆయన దగ్గరే ఉండిపోయింది, మంచిదే" అన్నాడు. పోస్టర్ మాత్రం తిప్పలేదు. 2002లో మీ ఎమిట్ దాన్ని దాటాడులే.

2023 సెప్టెంబర్‌లో లయన్స్ ఇప్పటి స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ బయట బారీ విగ్రహం పెట్టారు. బంతి పట్టుకుని పక్కకి తిరుగుతున్నట్టు ఉంటుంది. సరిగ్గా ఆ సీజన్‌లోనే, 2024 జనవరిలో, లయన్స్ రామ్స్ మీద 24-23తో ప్లేఆఫ్ మ్యాచ్ గెలిచారు. 38-6 తర్వాత మళ్ళీ అదే, 32 ఏళ్ళకి. మా అబ్బాయి 1998లో పుట్టాడు. వాడికి జీవితంలో అదే మొదటిది. నేనూ వాడూ నోవైలో ఇంట్లో సోఫా మీద ఎగిరితే మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది. రెండు వారాలకి శాన్ ఫ్రాన్సిస్కో జట్టు మీద సగం ఆటకి 24-7 ఆధిక్యంలో ఉండి 34-31తో ఓడిపోయాం. అదీ లయన్సే.

ఫ్రిస్కో బావ
అన్నా, సిల్వర్‌డోమ్ ఇప్పుడుందా?

పాత డెట్రాయిట్
లేదు. 2017 డిసెంబర్‌లో బాంబులు పెట్టి కూల్చబోతే మొదటిరోజు కూలలేదు. పేలింది, పొగ వచ్చింది, బిల్డింగ్ అలాగే నిలబడింది. మా జట్టు ఓడటానికి మొరాయించిన సందర్భం అదొక్కటే. మర్నాడు మళ్ళీ పేలిస్తే పడింది. ఇప్పుడక్కడ అమెజాన్ గోదాము.

కూతగాడు
నిన్న మా పిల్లలకి ఆ 1994 పరుగు మళ్ళీ పెట్టాను. ముగ్గురు అలా తిరగబోయి బోర్లా పడ్డారు, ఒకడికి మోకాలు గీరుకుంది. నాలుగోవాడు ఆగాడు. నిజంగా ఆగాడు, రెండు కాళ్ళ మీద. తర్వాత ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడి నావైపు చూశాడు.

పాత డెట్రాయిట్
వాణ్ణి వదలకండి మాస్టారూ.

కొత్తమొహం, మీ బావని అడుగు, వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కి మా ఇంటికి వస్తారేమో. ఆట మధ్యాహ్నం. పులిహోర ఈసారి నేనే కలుపుతున్నా.